మొగ తవ్వించాలనుకున్న మావయ్య

మా మావయ్య మున్సిపల్ చైర్మన్ అయిన సంగతి నాకు ఆఫీసు క్యాబ్‌లో తెలిసింది. బెంగళూరులో మహదేవపుర దగ్గర మెట్రో స్తంభాల మధ్య బండి కదలకుండా ఆగిపోయి ఉంటే అమ్మ ఫోన్ చేసి, "మీ మావయ్య చైర్మన్ అయ్యాడే! ఊరు ఊరంతా కొట్టు ముందే ఉంది," అని అరిచినంత పని చేసింది. పక్క సీట్లో నిద్రపోతున్న అమ్మాయి ఉలిక్కిపడి లేచింది. నాకు నవ్వాగలేదు. మావయ్యని దండలతో ఊహించుకోవడం నా వల్ల కాలేదు.

మావయ్య అంటే నా మనసులో కొట్టే. సముద్రం ఒడ్డున మాది చిన్న పట్నం. బోట్లు కట్టే జెట్టీకి వెళ్లే దారిలో ఆయన వలలు, తాళ్లు, బోటు ఇంజన్లలో పోసే ఆయిలు, బోటు అడుగున వేసే రంగు డబ్బాలు అమ్మేవాడు. చిన్నప్పుడు సెలవులన్నీ నేను ఆ కొట్లోనే గడిపాను. బేరానికి వచ్చిన ప్రతివాడితో ఆయన మాటల్లోకి దిగేవాడు. ఎవరి బోటు ఎక్కడ తిరుగుతోందో, ఎవరి ఇంజన్ మొరాయిస్తోందో ఆయనకి తెలియకుండా ఉండేది కాదు. ఆ మాటల వల్లే గెలిచాడని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

గెలిపించింది నిజానికి మొగ. నది సముద్రంలో కలిసే చోటుని మా వైపు మొగ అంటారు. మా బోట్లు నదిలో ఉన్న జెట్టీ నుంచి బయల్దేరి, ఆ మొగ దాటితేనే సముద్రంలోకి వెళ్లగలవు. కొన్నేళ్లుగా మొగ దగ్గర ఇసుక మేట వేస్తూ వచ్చింది. జెట్టీ దగ్గర నల్లటి బురద పేరుకుపోయింది. పోటు వచ్చేదాకా బోట్లు బయటే కాచుకుని ఉండాలి. ఓపిక పట్టలేక, లేదా గాలి ముదిరి, లోపలికి వచ్చేద్దామని చూసిన బోటు ఇసుకలో తగులుకుంటుంది. వెనక నుంచి వచ్చే అల దాన్ని తిరగేస్తుంది. అలా పోయినవాళ్లు మా ఊళ్లో చాలామందే ఉన్నారు. మావయ్య ఎన్నికల్లో ఇచ్చిన మాట ఒక్కటే: మొగ తవ్విస్తాను.

మాట ఇచ్చేశాక గానీ తెలియలేదు అది ఎంత పెద్ద పనో. నీటి అడుగున తవ్వే డ్రెడ్జర్ తెప్పించి తవ్వించడం మున్సిపాలిటీ తాహతుకి మించిన వ్యవహారం. రాష్ట్రం దగ్గర ఫైలు ఎప్పటినుంచో నలుగుతోంది. అలాంటప్పుడు ఎవరో చెప్పారు, కేంద్రం స్కీము ఒకటి ఉంది, అందులో ఊరి మున్సిపాలిటీయే నేరుగా అడగొచ్చు అని. దానికి రెండు షరతులు. మొగకీ జెట్టీకీ కొలతలన్నీ వేసి పెద్ద రిపోర్టు తయారుచేయించాలి. తవ్విన మట్టి ఎక్కడ పోస్తారో స్థలం చూపించాలి. అలాంటి రిపోర్టులు రాసే కంపెనీ ఒకటి బెంగళూరులో, మా ఇంటికి దగ్గర్లోనే, రింగ్ రోడ్డు మీద ఉంది. అందుకని మావయ్య మా ఇంటికి వచ్చాడు.

కృష్ణరాజపురం స్టేషన్‌కి నేనూ మా ఆయనా వెళ్లాం. చైర్మన్ గారు స్లీపర్ బోగీలోంచి లుంగీతో దిగాడు. ఒక చేతిలో బట్టల సంచి, రెండో చేతిలో తడి గోనె చుట్టిన బుట్ట. బుట్ట అందుకోబోయిన మా ఆయన్ని, "జాగర్త అల్లుడు గారూ, ఒలకనివ్వకండి," అని వారించాడు. ఎండు చేపలేమో అనుకున్నాను. ఇంటికొచ్చి విప్పితే వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలు, వాటి నిండా మట్టి. ఒక్కో డబ్బా మీద పెన్నుతో రాశాడు: మొగ, మలుపు, ఐస్ ఫ్యాక్టరీ వెనక, జెట్టీ.

"టెస్టు చెయ్యాలంటగా. వాళ్లని అంత దూరం రప్పించడం దేనికి, నేనే తెస్తే పోలా అని పట్టుకొచ్చా."

జెట్టీ అని రాసి ఉన్న డబ్బా మూత తీశాను. నల్లటి బురద. ఆ వాసన మూడో అంతస్తులోని మా ఫ్లాట్ నిండా వ్యాపించింది. చేపలు, ఆయిలు, కుళ్లిన కొబ్బరి పీచు కలిసిన వాసన. మా ఆయన కిటికీలు తీశాడు. నేను మాత్రం మూత వెంటనే పెట్టలేకపోయాను. ఎన్నేళ్లయిందో ఆ వాసన చూసి.

మర్నాడు సెలవు పెట్టి ఆయన్ని అత్తిబెలె దగ్గరున్న ల్యాబ్‌కి తీసుకెళ్లాను. ఫ్యాక్టరీల మధ్య సందులో రెండంతస్తుల భవనం. అక్కడ మట్టి పరీక్షలు చూసే ఆవిడ ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన తెలుగు మనిషి. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. మేం తెలుగువాళ్లమని తెలియగానే కుర్చీలు లాగి వేసింది. డబ్బాలు చూసి మాత్రం తల అడ్డంగా ఊపింది.

"ఇట్ల తెచ్చిండేది మేము తీసుకోమప్పా. మా బాటిల్లో తీయాల, ఐసులో పెట్టి తేవాల. ఇది ఎండకి ఉడికి పోయుండాది, దీంట్లో ఏమి చూసినా సుమ్నే వేస్టు."

"అమ్మా, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను," అన్నాడు మావయ్య, అదేదో వాదన అయినట్టు.

ఆవిడ నవ్వింది. "నీకి శ్రమ అయింది, నిజమే. కానీ రూల్ ఉండాదే! మా పిల్లోళ్లని పంపిస్తాము, వాళ్లే వచ్చి తీసుకుంటారు. నువ్వు చోటు చూపించు, చాలు."

తిరిగొచ్చేటప్పుడు మావయ్య ఆ డబ్బాలు రోడ్డు పక్కన పారబోయడానికి ఒప్పుకోలేదు. "మనూరి మట్టి ఇక్కడ పోస్తే ఇక్కడోళ్లు ఊరుకుంటారా?" అన్నాడు. మళ్లీ రైల్లో పట్టుకుపోయాడు. అప్పుడది మాకు పెద్ద తమాషా. ఆఫీసులో చెప్పి చాలాసార్లు నవ్వాను.

ఆ ఎండాకాలం ఆయన మా ఇంటికి తరచుగా వస్తూ పోతూ ఉండేవాడు. నేను చూసిన రోజుల్లో ఆయన అంత ఉత్సాహంగా ఉన్నది అప్పుడే. రిపోర్టు రాసే కంపెనీ తరఫున ఒక మేనేజర్ ఉండేవాడు, హైదరాబాదు నుంచి వచ్చి స్థిరపడ్డ కుర్రవాడు, మర్యాదస్థుడు. అతను మ్యాపులు ఇచ్చేవాడు. మావయ్య వాటిని మా డైనింగ్ టేబుల్ మీద పరిచి, ఉప్పు డబ్బా ఒక మూల, నీళ్ల గ్లాసు ఒక మూల పెట్టి, మా ఆయనకీ, తన ఒళ్లోకెక్కిన మా పిల్లాడికీ వివరించేవాడు.

"ఇది చూడండల్లుడు గారూ. ఇది జాలరి కాలనీ. పల్లంలో కట్టి చచ్చారు. నాలుగు చినుకులు పడితే మంచాల కిందకి నీళ్లొస్తాయి. దీని పక్కన ఇంత ఖాళీ జాగా మున్సిపాలిటీదే. తవ్విన మట్టంతా తెచ్చి ఇక్కడ పోస్తాం. జాగా లేస్తుంది, కాలనీకి వరద తగ్గుతుంది. పైన పిల్లలకి ఆటస్థలం. మొగా లోతవుతుంది, కాలనీ మెరకవుతుంది. ఒక్క దెబ్బకి రెండూ."

మట్టి ఎక్కడ పోస్తారన్న షరతు చూసి మిగతా ఊళ్లు వెనక్కి తగ్గుతుంటే, మా మావయ్యకి అదే పెద్ద బలంగా కనిపించింది. కాలనీవాళ్లు కూడా సంబరపడ్డారట. ఎన్నికల్లో ఆయన కోసం మోటార్ సైకిల్ మీద ఊరంతా తిరిగిన ఒక కుర్రాడు, ఆ కాలనీవాడే, బోటు మీద పనిచేస్తాడు, ఆ ఖాళీ జాగాలో అప్పుడే వాలీబాల్ కోర్టుకి గుంజలు పాతేశాడని చెప్పి మావయ్య పడీపడీ నవ్వాడు. "ఇంకా ఫైలు ఢిల్లీ ఎక్కలేదురా అంటే, గుంజలు ముందుంటే మట్టి అదే వస్తుందిలే చైర్మన్ గారూ అంటాడు."

ల్యాబ్ వాళ్లు వెళ్లి మట్టి తీసుకొచ్చారు. ఫలితాలు వచ్చాయని ఫోన్ వస్తే మావయ్య ఆ సాయంత్రం బండికే బయల్దేరాడు. ఈసారి ల్యాబ్‌కి కాదు, నేరుగా కంపెనీ ఆఫీసుకి. నన్నూ రమ్మన్నాడు. ఇంగ్లీషు కాగితాలు చదవడానికి ఒకరుంటే ధైర్యమన్నాడు.

అద్దాల గదిలో మేనేజర్ కాగితాలు మా ముందు పెట్టాడు. ల్యాబ్ ఆవిడ కూడా ఫోన్ స్పీకర్‌లో ఉంది. మొగ దగ్గరిది శుభ్రమైన ఇసుక, ఎక్కడైనా పోసుకోవచ్చు. జెట్టీ పక్కన తీసిన నల్ల బురద అలా కాదు. అందులో ఆయిల్ ఉంది. రాగి, తగరం లాంటి లోహాలు ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ ఉన్నాయి.

"అది ఇళ్ల దగ్గర పోసేదానికి లేదప్పా," అంది ఆవిడ. "వానకి నీళ్లలోకి దిగతాది. పిల్లోళ్లు ఆడుకునే చోట అసలే వద్దు. దూరంగా గుంత తీసి, కింద షీటు వేసి, దాంట్లో పోయాల. రెండు సార్లు చూసినాము, అదే వచ్చింది."

"ఆ లోహాలు ఎట్లా వచ్చాయమ్మా? మా దగ్గర ఫ్యాక్టరీలు లేవే," అన్నాడు మావయ్య.

"బోట్లకి అడుగున పెయింటు కొడతారు కదా, నత్తలూ నాచూ అంటకుండా. ఆ పెయింటు గీకి మళ్లీ కొడతారు. గీకిండేదంతా నీళ్లలోకే పోతాది. ఎన్నో ఏండ్లుగా చేరి ఉండాది."

ఫోన్ పెట్టేశాక మేనేజర్ కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నాడు.

"సర్, ప్రాక్టికల్‌గా ఆలోచిద్దాం. ఇది ఇలాగే సబ్మిట్ చేస్తే డిస్పోజల్ కాస్ట్ మీ మున్సిపాలిటీ మోయలేదు. శాంపిల్స్ ఎక్కడ తీయాలన్నది మన చేతిలో ఉంది. మొగ దగ్గర ఇంకొన్ని ఎక్కువ తీయించి, జెట్టీ వైపు తగ్గిస్తే యావరేజ్ బాగానే వస్తుంది. అబద్ధం చెప్పినట్టు కూడా కాదు. ఢిల్లీ నుంచి ఎవరూ వచ్చి తవ్వి చూడరు."

"ఆలోచించుకుని చెప్తా బాబూ," అని లేచాడు మావయ్య.

ఆఫీసు నుంచి మా ఇంటికి నడిచి వెళ్లిపోవచ్చు. ఫుట్‌పాత్ పగలగొట్టి పైపులు వేస్తున్నారు, మట్టి కుప్పల మీద నుంచి దాటుకుంటూ వచ్చాం. ఇంట్లో టీ ఇస్తే చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"ఆ రంగు నేనే అమ్మానే," అన్నాడు చివరికి.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"బోటు అడుగు రంగు. మనూళ్లో ఇంకెవరమ్ముతారు? మీ తాతయ్య ఉన్నప్పట్నుంచీ మన కొట్టే. గట్టి రంగు, ఏడాదిపాటు నత్త అంటదు, తీసుకెళ్లండి అని నేనే చెప్పి అమ్మేవాణ్ని. ఖాళీ డబ్బాలు జెట్టీ మీద నుంచి నీళ్లలోకి విసిరేస్తుంటే చూస్తూ కూర్చున్నాను."

"నీకేం తెలుసు మావయ్యా అప్పుడు? అందరూ అమ్మేదే కదా."

"తెలీదు. ఇప్పుడు తెలిసిందిగా."

మా ఆయన లెక్కలమనిషి. మేనేజర్ చెప్పింది మరీ కొట్టిపారేయాల్సింది కాదని, ముందు మొగ వరకు తవ్వించి జెట్టీ సంగతి తర్వాత చూడొచ్చేమో అడగమనీ అన్నాడు. మావయ్య అదీ అడిగాడు. స్కీములో రెండూ కలిపే ఇవ్వాలట, జెట్టీ దాకా లోతు లేకపోతే లాభం చూపించలేరట. రెండు రోజులు మా బాల్కనీలో కూర్చుని ఊరికి ఫోన్లు చేస్తూ, ఎవరెవరితోనో మాట్లాడుతూ గడిపాడు. మూడోసారి టీ ఇచ్చినప్పుడు అనుకుంటా, "ఉన్నదున్నట్టే రాయమంటాను. మట్టి పోయడానికి కూడా డబ్బులిమ్మని ఢిల్లీనే అడుగుదాం. ఆ కాలనీ పిల్లల కింద నేను ఆ బురద పోయలేను," అన్నాడు.

నేను గర్వపడ్డాను. దాచడం దేనికి, మర్నాడు ఆఫీసులో లంచ్ దగ్గర అందరికీ చెప్పాను. ఇలాంటి రాజకీయ నాయకులు కూడా ఉన్నారా అన్నారు. ఉన్నారు, మా మావయ్యే అన్నాను. మా ఊరికి అంత దూరంలో కూర్చుని గర్వపడటానికి నాకు ఏ ఖర్చూ కాలేదు.

ఢిల్లీకి ఆయన బెంగళూరు నుంచే వెళ్లాడు. మొదటిసారి విమానం. చలికాలం మొదలైంది కాబట్టి మా ఆయన స్వెట్టరే మావయ్య వేసుకుని వెళ్లాడు, చేతులు పొడుగై మడిచి పెట్టుకోవాల్సి వచ్చింది. తిరిగొచ్చాక సోఫాలో కూలబడి బూట్లు విప్పుకుంటూ చెప్పాడు.

"మంచోళ్లే. టీ ఇచ్చారు, అంతా విన్నారు. ఆఫీసరు మన రిపోర్టు మెచ్చుకున్నాడు కూడా, ఇంత నిజాయితీగా ఎవరూ రాయరన్నాడు. చివర్లో ఏమన్నాడో తెలుసా? తవ్వే ఖర్చు మాది, తవ్విన మట్టి మీది అన్నాడు. ఆ గుంతా, ఆ షీటూ, లారీలూ అన్నీ మీరే చూసుకుని మళ్లీ రండి అన్నాడు."

"ఏం చేస్తావు?"

"రాష్ట్రాన్ని అడుగుతా. ఏం చెయ్యను మరి."

రాష్ట్రాన్ని అడిగాడు. కాళ్లరిగేలా తిరిగాడు. చూద్దాం అన్నారు తప్ప లేదని ఎవరూ అనలేదట. ఈలోగా ఊళ్లో మాట మారింది. పని ఆగింది ఢిల్లీలో కాదు, చైర్మన్ రాయించిన రిపోర్టు దగ్గరేనని తెలిసిపోయింది. కాలనీవాళ్లు కొట్టు దగ్గరికొచ్చి అడిగారు. ఆయన బురద సంగతి చెప్పాడు. "మేం పుట్టినప్పట్నుంచీ ఆ బురదలోనే ఉన్నాం చైర్మన్ గారూ, మాకేమైంది? చేపలకేమైంది?" అన్నారట. ఆయన ల్యాబ్ కాగితం చూపిస్తే అది ఇంగ్లీషులో ఉంది.

ఆ తర్వాతి వానాకాలంలో మొగ దగ్గర బోటు తిరగబడింది.

అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో మీటింగులో ఉన్నాను. బయటికొచ్చి తిరిగి చేశాను. గాలి లేచిందని నలుగురు తొందరగా వచ్చేస్తుంటే ఇసుక మేట మీద బోటు తగులుకుంది. ముగ్గుర్ని పక్క బోటువాళ్లు లాగారు. ఒకడు దొరకలేదు, రెండో రోజు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. వాలీబాల్ గుంజలు పాతిన కుర్రాడే. అతనికి పెళ్లై ఇద్దరు పిల్లలు.

మావయ్యకి ఫోన్ చేస్తే అత్తయ్య ఎత్తింది. "మాట్లాడట్లేదే ఎవరితోనూ. వాళ్లింటికెళ్లి నుంచున్నాడు. ఆ కుర్రాడి పెళ్లాం తలుపేసేసింది," అంది. మా ఆయన వెంటనే బయల్దేరుదామన్నాడు. నాకు ఆ వారం ఆఫీసులో పెద్ద సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. అది అయ్యాక వెళ్దాం అనుకున్నాను. వెళ్లేసరికి దినం కూడా అయిపోయింది. మావయ్య మమ్మల్ని చూసి, "ఎందుకమ్మా సెలవు పెట్టుకుని," అన్నాడంతే.

అవిశ్వాసం పెట్టి ఆయన్ని దించేశారు. వ్యతిరేకంగా ఓటు వేసినవాళ్లలో రోజూ కొట్టు బెంచీ మీద కూర్చునే స్నేహితులు కూడా ఉన్నారు. కొత్తగా వచ్చినాయన వేరే కంపెనీని పెట్టుకున్నాడు, మట్టి మళ్లీ తీయించాడు, రిపోర్టు శుభ్రంగా వచ్చింది. ఎక్కడ తీశారో, ఎలా వచ్చిందో నాకు తెలియదు. మావయ్యకి తెలుసేమో, ఎప్పుడూ చెప్పలేదు. కేంద్రం డబ్బు మంజూరైంది. డ్రెడ్జర్ వచ్చిన రోజు ఊరంతా జెట్టీకి వెళ్లింది. అమ్మ వీడియో పంపింది. పెద్ద పైపులోంచి నల్లటి నీళ్లు కాలనీ పక్క జాగాలోకి చిమ్ముతున్నాయి, పిల్లలు గట్టు మీద గెంతుతున్నారు, ఎవరో టపాసులు కాలుస్తున్నారు. ఆ గుంపులో మావయ్య కోసం వెతికాను. లేడు.

ఆయన్ని మళ్లీ బెంగళూరులో చూసింది మొన్న యలహంకలో. మా దగ్గరి బంధువుల పెళ్లి. చాలా ఏళ్ల కిందట ఊరొదిలి వచ్చి అక్కడ స్థిరపడిన కుటుంబం. మావయ్య, అత్తయ్య ముందు రోజే వచ్చారు. మావయ్య చిక్కిపోయాడు. కొట్టు తమ్ముడికి అప్పగించేశాడని అప్పటికే తెలుసు. మండపంలో అందరితో బాగానే మాట్లాడాడు, పెళ్లికొడుకు తండ్రితో జోకులు కూడా వేశాడు. భోజనాలయ్యాక ఇద్దరం మండపం వెనక, షామియానా నీడలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. పైన ఎయిర్‌ఫోర్స్ విమానాలు శిక్షణకి తిరుగుతున్నాయి, మాట మాటకీ ఆగాల్సి వస్తోంది.

"మొగ ఎలా ఉంది మావయ్యా?" అని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"బ్రహ్మాండంగా ఉంది. పోటుతో పనిలేకుండా వస్తున్నారు. తవ్వినప్పట్నుంచీ ఒక్క బోటు తగల్లేదు."

"కాలనీ?"

"మునగలేదు ఈసారి. మొన్నంత వాన పడింది కదా, ఒక్క ఇంట్లోకి నీళ్లు రాలా. జాగా మీద గడ్డి మొలిచింది. సాయంత్రమైతే పిల్లలంతా అక్కడే." ఆయన చేతిలో ఉన్న తమలపాకు మడత విప్పి మళ్లీ మడిచాడు. "ఆ పిల్ల కనిపించింది, వాడి పెళ్లాం. రేషన్ కొట్టు దగ్గర. అంతకు ముందు నన్ను చూస్తే పక్కకి తిరిగిపోయేది. ఆ రోజు ఆగి, 'ఇల్లు మునగట్లేదు చైర్మన్ గారూ,' అంది. ఇంకా చైర్మన్ గారనే అంటుంది. అంతే అని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది."

"నువ్వు చేసింది తప్పు కాదు మావయ్యా," అన్నాను.

"తప్పని నేనూ అనుకోవట్లేదే. మళ్లీ ఆ కుర్చీలో కూర్చున్నా ఆ సంతకం పెట్టలేను. కానీ ఒక ఏడాది ముందు తవ్వుంటే వాడుండేవాడు. ఈ రెండూ నిజమే. ఏ ఒక్కటీ అబద్ధం కాదు. రోజూ పొద్దున లేవగానే రెండూ గుర్తొస్తాయి."

విమానం దాటిపోయేదాకా ఆగాం. లోపల ఎవరో మైకులో వధూవరులతో ఫోటోలకి రమ్మని పిలుస్తున్నారు.

"టెస్టు చేయిద్దామా మళ్లీ? ఆ జాగాలో మట్టి? నేను ఏర్పాటు చేస్తాను," అన్నాను.

ఆయన ల్యాబ్ ఆవిడ ఎలా ఉందని అడిగాడు, నాకు తెలియదన్నాను. "చేయించి? ఉందని తేలితే ఎవరికి చెప్పను? చెప్తే నమ్మేదెవరు? వీడికి పదవి పోయి కడుపుమంట అంటారు. లేదని తేలితే..." అక్కడ ఆగిపోయాడు. లేదని తేలితే ఆ కుర్రాడు ఊరికే పోయినట్టు అవుతుందని ఆయన అనలేదు. నేను కూడా అనలేదు.

"నాకిప్పుడు ఒకటే కోరికే," అన్నాడు. "నేను చెప్పిందే అబద్ధమైపోవాలి. ఆ మట్టిలో ఏమీ లేదు, వాడొట్టి చాదస్తుడు, ఊరికే అడ్డం పడ్డాడు అని జనం నవ్వుకోవాలి. ఆ పిల్లలు పెద్దయ్యి, పెళ్లిళ్లై, ఒక్కడికీ ఏమీ కాకుండా ఉండాలి. నా మాట పోతే పోయింది."

అత్తయ్య వచ్చి ఫోటోకి లాక్కెళ్లింది. ఫోటోలో ఆయన చివర్లో నుంచున్నాడు, బాగానే నవ్వుతున్నాడు. ఆ సాయంత్రమే యలహంక స్టేషన్‌లో రైలెక్కించాం. రిజర్వేషన్ సీట్లు వేరు వేరు బోగీల్లో వస్తే మా ఆయన టీసీతో మాట్లాడి ఒక చోటికి మార్పించాడు. రైలు కదిలాక మావయ్య కిటికీలోంచి, "పిల్లాడికి ఎండాకాలం సెలవులిస్తే పంపండి," అని కేకేశాడు. పంపుతామని చెయ్యి ఊపాను.

పంపుతాను. కాకపోతే సాయంత్రాలు వాణ్ని ఆ జాగాలో ఆడుకోనివ్వాలా వద్దా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. కాలనీ పిల్లలు రోజూ ఆడుకునే చోటికి నా కొడుకుని వెళ్లొద్దనడానికి నాకు ముఖం చెల్లదు. వెళ్లమని అనడానికి నోరూ రాదు.